అనుమానముంటే ఎరుపు

సలోమి చేతిలోని చీటీ మీద అచ్చయింది పచ్చి అబద్ధం. ‘డాక్టరుగారు అందుబాటులో లేరు. మిమ్మల్ని వేరే ఆస్పత్రికి పంపుతున్నాం. శ్రమకు మన్నించండి’ అని ఉంది. కింద నిన్నటి తేదీ, మధ్యాహ్నం పన్నెండూ నలభై. సరిగ్గా ఆ వేళకే, అదే ఆస్పత్రిలో, ఎస్తేరు ఆ డాక్టరు రజియాగారి ఎదురుగా కూర్చుని, ఆవిడ డబ్బాలోంచి దొండకాయ వేపుడు తీసుకుని తింటోంది. బైబిలు మీద చెయ్యి వేసి చెప్పమన్నా చెబుతుంది.

"లేరని ఎవరు చెప్పేరు?" అని అడిగింది.

"ఎవరూ చెప్పలేదొదినా. చీటీ వచ్చింది. తలుపు తెరుచుకుంది. బయట బండి సిద్ధంగా ఉంది," అంది సలోమి. గోడకి ఆనుకుని కూర్చుంది. ఉదయం ఎనిమిదింటికే బయట ఎండ మండిపోతుంటే ఆ పిల్ల దుప్పటి మెడదాకా లాక్కుంది.

సలోమి ఎస్తేరు తమ్ముడు ఆశీర్వాదం భార్య. నాలుగో నెల నడుస్తోంది. శనివారం ఊళ్ళో స్కాను తీసినామె బిడ్డ గుండె ఆగిపోయిందని చెప్పి, రెండ్రోజుల్లో కడుపు కడిగించుకోకపోతే విషమెక్కుతుందని భయపెట్టి పంపింది. నిన్న మొగుడూ పెళ్ళాలిద్దరూ మేడలంక ఆస్పత్రికి వెళ్ళారు. అక్కడి బండి వాళ్ళని పట్నం ఆస్పత్రిలో దింపింది. అక్కడా ఇలాంటి చీటీయే చేతిలో పెట్టారు. మూడో చోటికి పంపుతామంటే సలోమి ఏడుపు అందుకుని, ఇంటికి తీసుకుపొమ్మని మొగుణ్ణి బతిమాలుకుంది.

"అదే ఆస్పత్రిలో పై అంతస్తులో ఉన్నాను కదరా. నాకో ముక్క చెప్పొద్దా?" అని ఎస్తేరు తమ్ముడి మీద విరుచుకుపడింది.

"నువ్వే కదక్కా అన్నావు. మా దగ్గర సిఫార్సులు అక్కర్లేదు, గూట్లోకెళ్ళి చెప్పుకుంటే చాలు, రాణికైనా కూలిదానికైనా ఒకటే అని."

అన్నమాట నిజమే. ఒకసారి కాదు, పెళ్ళిళ్ళలో, కూటాల్లో, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళతో కూడా అంది.

"వదినా, నన్ను ఎవరు వద్దన్నారంటావు?" అని సలోమి మెల్లిగా అడిగింది. "నేనేం చేశానని?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి మనిషంటూ ఒకడు ఉండాలి కదా. మేడలంక ఆస్పత్రి గొప్పే అక్కడుంది. అక్కడ ఎవరూ ఎవరినీ వద్దనరు.

మూడేళ్ళ కిందట మాత్రం అనేవారు, అదీ గట్టిగానే. అప్పటికి కొత్త చట్టం వచ్చింది. కడుపు తీసే పనిలో చెయ్యి పెట్టడానికి మతం ఒప్పుకోనివాళ్ళని ఎవరూ బలవంతపెట్టకూడదని అందులో ఒక వాక్యం. అడిగి వచ్చిన ఆడమనిషిని వట్టి చేతులతో తిప్పి పంపకూడదని దాని కిందే ఇంకో వాక్యం. కాగితం మీద రెండూ పక్కపక్కనే బుద్ధిగా కూర్చున్నాయి. ఆస్పత్రి వసారాలోకి వచ్చేసరికి జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి. ఆపరేషన్ గది చూసుకునే సిస్టర్ లూర్దుమేరి ఒకరోజు చేతి తొడుగులు విప్పేసి, "ఇది నావల్ల కాదు, దేవుడికి జవాబు చెప్పుకోవాలి," అని బయటికి వచ్చేసింది. లోపల బల్ల మీద పడుకున్న అమ్మాయి ఆ మాట విని ఏడుస్తూ లేచి వెళ్ళిపోయింది. మత్తు డాక్టరు సోమయాజులుగారు కూడా సిస్టర్ పక్షమే. ఆయనది వేరే మతం, అదే మాట. రజియాగారికి మాత్రం ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళి ఏం చేయించుకుందో తనకి తెలుసునని, అది వింటే వీళ్ళిద్దరికీ నెలరోజులు నిద్ర పట్టదని అంది.

అప్పుడొచ్చింది చాటు అనే యంత్రం. వంశీధర్ అనే కుర్రాడు, వాడి కంపెనీ, పట్టాల మీద కదిలే తెల్లటి పలకలు రెండు లారీల నిండా వచ్చాయి. ఆస్పత్రి వసారాలన్నీ ఆ పలకలతో నింపేశారు. వచ్చిన మనిషి ముందు గూట్లోకి వెళ్ళి తలుపేసుకుని తన బాధ తన మాటల్లో చెప్పుకుంటుంది. చాటు వింటుంది. ఆ మాటలకి పచ్చ పడితే ఎవరైనా చూడొచ్చు. ఎరుపు పడితే, ‘మాకొద్దు’ అని మనస్సాక్షి పట్టికలో పేరు రాయించుకున్నవాళ్ళ కంట ఆ మనిషి పడకుండా పలకలు జరుగుతాయి, లిఫ్టు ఇంకో అంతస్తులో ఆగుతుంది, చీటీ ఇంకో గది చూపిస్తుంది. సిస్టరూ ఆ ఆడమనిషీ మూరెడు దూరంలో నడిచి వెళ్ళినా ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఈవిడకి పాపం అంటదు, ఆవిడకి అవమానం ఉండదు. పట్టికలో లేనివాళ్ళు డ్యూటీలో సరిపడా లేకపోతే బండి ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్తుంది. చుట్టుపక్కల ఆరు ఆస్పత్రులు ఈ ఒక్క చాటుతోనే నడుస్తున్నాయి.

ఇంత తెలివైన చాటుకి మొదట్లో తెలుగు రాదు. రాదంటే పుస్తకాల తెలుగు వచ్చు, ఆడవాళ్ళ తెలుగు రాదు. ‘మా కోడలు నీళ్ళోసుకుందండి’ అంటే జలుబు చేసిందా అని అడిగింది. ‘బయట చేరి పది రోజులైంది’ అంటే ఇల్లు లేనివాళ్ళ వసతికి దారి చూపించింది. అందుకని ఇరవై ఏళ్ళు లంకల్లో సైకిలు మీద తిరిగి కాన్పులు చూసిన నర్సమ్మ ఎస్తేరుని పైకి తెచ్చి, ఏసీ గదిలో కూర్చోబెట్టి, మాటల పెట్టె అప్పజెప్పారు. ఏ మాటకి ఏ రంగో ఆవిడే చెప్పాలి. ఆ రోజుల్లో ఎస్తేరు నడక చూడాల్సింది. మెడలో గుర్తింపు కార్డు ఇంట్లో కూడా తీసేది కాదు.

"ఇవాళ మళ్ళీ వెళ్దాం. నేనూ వస్తాను. ఎవరు అడ్డు తగులుతున్నారో నా కళ్ళతో చూస్తాను," అని ఎస్తేరు మరదల్ని లేవదీసింది. పట్టుకున్న చెయ్యి పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలిపోతోంది.

ఆటోలో ఇరవై నిమిషాలూ ఎస్తేరు మనసు ఒకరి మీంచి ఒకరి మీదకి ఎగురుతూనే ఉంది. మొదట సిస్టర్ లూర్దుమేరి. నిన్నా ఇవాళా ఆపరేషన్ గది ఆవిడదే. సిస్టరమ్మ తనకి దొరికిన చాటు చాలక ఎవరికో చెప్పి ఇంకా గట్టిగా బిగించిందా? తర్వాత రజియాగారు. పైకి అంత మాట్లాడే మనిషి గుట్టుగా పట్టికలో పేరు రాయించుకుందా? ఆ వేపుడు పెడుతూ అంత ప్రేమగా ఎందుకు మాట్లాడింది? చివరికి తమ్ముడి మీదకి కూడా పోయింది. వీడు గూడు దగ్గర ఏమైనా వాగాడా? ఆశీర్వాదం పెళ్ళాం తల ఒళ్ళో పెట్టుకుని దారి చూస్తున్నాడు. వాణ్ణి అనుమానించినందుకు ఎస్తేరుకి తన మీద తనకే రోత పుట్టింది.

గూడు ఒక మనిషికే చోటు. సలోమి లోపలికి వెళ్ళింది, తలుపు మూసుకుంది. నిమిషం కాలేదు, చీటీ బయటికి వచ్చింది. డాక్టరుగారు అందుబాటులో లేరు. ఎడమవైపు పలక చప్పుడు లేకుండా జరిగి వసారాని మూసేసింది. కుడివైపు వీధి తలుపు మర్యాదగా తెరుచుకుంది, బయట బండి ఇంజను మోగుతోంది. ఇన్నేళ్ళలో ఎస్తేరు ఆ పలకని ఇటువైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. ఇటునుంచి అది గోడే.

"బండి ఎక్కకండి. ఇక్కడే కూర్చోండి," అని ఇద్దరినీ బల్ల మీద కూర్చోబెట్టి, సిబ్బంది మెట్ల మీంచి పైకి పరుగెత్తింది.

వంశీధర్ టీ తాగుతూ తెర చూస్తున్నాడు. మంచి కుర్రాడే. పుట్టినరోజుకి అందరికీ కేకు కోసి పెడతాడు. ఎస్తేరుకి ఇవాళ వాడి మంచితనం మీద కూడా నమ్మకం లేదు.

"రజియాగారు ఎక్కడున్నారు బాబూ?"

"కిందే, మేడమ్. రెండో గదిలో. ఖాళీగానే ఉన్నారు."

"మరి లేరని చీటీ ఎందుకిచ్చింది?"

వంశీధర్ నెమ్మదిగా టీ కింద పెట్టాడు. "అది లేరని కాదు మేడమ్. ఎరుపు కేసుకి డాక్టరొక్కరూ చాలరు కదా. మత్తు డాక్టరు కావాలి, థియేటర్ నర్సు కావాలి. ఇవాళ ఆ ఇద్దరూ పట్టికలో ఉన్నారు. అంటే టీమ్ లేదు. అంత వివరం రాస్తే పేషెంటు నొచ్చుకుంటారని, అందుబాటులో లేరు అని పెట్టాం."

"ఎరుపేంటి? బిడ్డ చచ్చిపోయింది. ఎరుపెలా పడుద్ది?"

"చూద్దాం," అని వాడు ఆ నిమిషం వచ్చిన మాటలు తెర మీదకి తెచ్చాడు. పేరు ఉండదు, గొంతు ఉండదు, మాటలే ఉంటాయి. ‘కడుపు కడిగించుకోవాలన్నారండి. జ్వరమొస్తంది.’ కింద ఎర్రటి గీత. ‘కడుపు కడిగించుకోవాలి’ అన్న మాట చుట్టూ చిన్న పెట్టె.

ఎస్తేరు తెర దగ్గరికి వంగింది.

"ఆ మాట మీద ఇంకా ఎంతమందికి పడిందో తియ్యి."

"ఎందుకు మేడమ్? దాని మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. రెండేళ్ళలో ఆరు ఆస్పత్రుల్లో ఒక్కటీ లేదు."

"ఎవరి మీద ఇస్తారు బాబూ ఫిర్యాదు? వద్దన్న మనిషి ఉంటే కదా. తియ్యి."

తీశాడు. నలభై ఒక్కమంది. అందరూ అదే అన్నారు, ఒక్కొక్కరు ఒక్కో యాసలో. ‘మూడో నెల్లోనే పోయిందండి, కడగాలంట.’ ‘ముక్క మిగిలిపోయిందన్నారు, కడిగేయండమ్మా.’ ‘మా పాప కడుపు నిలవలేదు, కడిగించుదామని తీసుకొచ్చా.’ అందరికీ ఎరుపు. అందరికీ అదే చీటీ. ఆ తర్వాత వాళ్ళు ఎక్కడికి వెళ్ళారో, వెళ్ళారో లేదో, అక్కడ రాసి లేదు.

"ఈ మాటకి ఎరుపు ఎవరు పెట్టారు?" అని ఎస్తేరు అడిగింది. అడుగుతూనే తెలిసింది.

వంశీధర్ వేలితో మాట మీద నొక్కాడు. రెండేళ్ళ కిందటి తేదీ, మధ్యాహ్నం రెండూ పది, పక్కన రెండు పొడి అక్షరాలు. వాడు ఆ అక్షరాలు చూసి, ఎస్తేరు మొహం చూసి, టీ గ్లాసు వైపు తిరిగాడు.

ఎస్తేరుకి ఆ మధ్యాహ్నం ఉన్నది ఉన్నట్టు కళ్ళముందుకి వచ్చింది. అన్నం తినొచ్చి కూర్చుంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. తెర మీద ఆ మాట వచ్చింది, కింద ఎప్పటిలాగే రెండే మీటలు, పచ్చ, ఎరుపు. లంకల్లో ఆ మాటకి రెండర్థాలూ ఉన్నాయని ఆవిడకి తెలుసు. తనంతట తాను పోయిన కడుపునీ కడుగుతారు, కావాలని తీయించుకున్నదాన్నీ మర్యాదకి కడిగించుకోవడమే అంటారు. మూడో మీట లేదు. ఎదురుగా గోడమీద వంశీధర్ పెద్దక్షరాలతో రాసి అంటించిన కాగితం ఉంది, ‘అనుమానముంటే ఎరుపు’ అని. ఎరుపు వల్ల ఎవరికీ నష్టం లేదు మేడమ్, ఇంకో డాక్టరు చూస్తారు, అంతేగా అని వాడు అనేవాడు. అంతకు వారం ముందే సిస్టర్ లూర్దుమేరి ఎస్తేరు రెండు చేతులూ పట్టుకుని, "తెలియకుండా నా చేత ఆ పని చేయించకు ఎస్తేరూ, నీకు దణ్ణం పెడతాను," అని అడిగింది. ఎస్తేరు మాటిచ్చింది.

అదొక్కటే అయితే మనసు ఇంత కాలిపోయేది కాదు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఎస్తేరుకి తొలి కడుపు పోయింది. ఊళ్ళో మంత్రసాని కడిగింది. ఆ ఆదివారం గుడిలో తన పక్కన కూర్చోవాల్సిన ఇద్దరు ఆడవాళ్ళు లేచి వెనక వరసకి వెళ్ళారు. కడిగించుకుందట అని ఒకరి చెవిలో ఒకరు ఊదుకున్నారు. ఆ మాట వింటే ఇప్పటికీ ఆవిడకి ఒళ్ళు ముడుచుకుంటుంది. తెర మీద అది కనిపించగానే ఎక్కువసేపు చూడలేక చటుక్కున ఎరుపు నొక్కేసింది. ఆ ఇద్దరు ఆడవాళ్ళు తనమీద పడ్డ అనుమానాన్ని, తన వేలితో తానే అందరి మీదా వేసింది.

"మార్చెయ్యి. పచ్చ పెట్టు, ఇప్పుడే."

"చాటు కమిటీలో ఇద్దరు సంతకం పెట్టాలి మేడమ్. పెట్టినా రేపు పొద్దుటికి గానీ ఆరు చోట్లా మారదు."

"అయితే వేరే మాటలు చెప్పిస్తాను. బిడ్డ గుండె ఆగిందని చెప్పిస్తాను."

వంశీధర్ తల అడ్డంగా ఊపాడు. "ఒకసారి ఎరుపు పడిన గొంతుకి మూడు రోజులు ఏం చెప్పినా ఎరుపే. మాటలు మార్చి మోసం చేస్తున్నారని కమిటీ అనుమానపడి తీర్మానం చేసింది కదా."

ఆ తీర్మానం రోజు ఎస్తేరు కూడా చెయ్యి ఎత్తింది.

కిందికి వచ్చేసరికి సలోమి బల్ల మీద పక్కకి ఒరిగిపోయింది. చీర కుచ్చిళ్ళ కింద నేల మీద రూపాయి బిళ్ళంత ఎరుపు, చూస్తుండగానే పెద్దదవుతోంది. ఆశీర్వాదం అక్క వైపు చూశాడు. వాడి చూపులో నమ్మకం ఉంది. ఎస్తేరు దాన్ని భరించలేకపోయింది.

"చక్రాల కుర్చీ తీసుకురా," అంది.

పలకలు బిగించిన రోజుల్లో ఎస్తేరు చెప్పు ఒకటి పట్టా మీద జారిపడితే ఆస్పత్రి మొత్తం ఆగిపోయింది. పట్టా మీద ఏదున్నా పలక కదలదు, మనిషి నలిగిపోకుండా అలా పెట్టారు. ఆపరేషన్ గదికి వెళ్ళే వసారా, సిస్టర్లు మందుల గదికి వెళ్ళే వసారా ఒకచోట కలుస్తాయి. ఎస్తేరు సిబ్బంది తలుపులోంచి కుర్చీ తోసుకుంటూ అక్కడికి వెళ్ళింది. చాటు సలోమి మొహాన్ని గుర్తుపట్టింది. ఎదురుగా పలక జరగడం మొదలుపెట్టింది. ఎస్తేరు వెళ్ళి రెండు కాళ్ళూ పట్టా మీద పెట్టి నిలబడింది.

పలక జానెడు దూరంలో ఆగింది. ఎక్కడో ఒక గంట మోగింది. మూడేళ్ళలో ఆ గంట మోగడం ఎవరూ వినలేదు. గదుల్లోంచి తలలు బయటికి వచ్చాయి.

అటువైపు చేతిలో దూది చుట్టల పళ్ళెంతో సిస్టర్ లూర్దుమేరి నిలబడి ఉంది. అరవై ఏళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా. ముందు ఎస్తేరుని చూసింది, తర్వాత కుర్చీలోని పిల్లని చూసింది, మళ్ళీ ఎస్తేరుని చూసింది. కళ్ళు చిన్నవయ్యాయి.

"ఏంటిది ఎస్తేరూ? నాకు మాటిచ్చావు."

"బిడ్డ పోయి నాలుగు రోజులైందండి సిస్టరమ్మగారూ. లోపలే ఉండిపోయింది. అది తీయాలి."

"పోయిందని ఎవరు చెప్పేరు? నా దగ్గరికి ఇలాంటి కథలు చాలా వచ్చాయి."

సలోమి జాకెట్లోంచి నాలుగు మడతలు పెట్టిన స్కాను కాగితం తీసి చాచింది. సిస్టర్ పళ్ళెం కింద పెట్టి కాగితం అందుకుని, కళ్ళజోడు సరిచేసుకుని చదివింది. అంతటితో నమ్మలేదు. పలక పక్కనుంచి ఇటు దూరి వచ్చి, వంగి, సలోమి నుదుటి మీద, పొత్తికడుపు మీద చెయ్యి పెట్టింది. ఒకసారి గాలి పీల్చింది. ఆవిడ మొహం మారిపోయింది. నలభై ఏళ్ళు ఆపరేషన్ గదిలో ఉన్న మనిషికి ఆ వాసన ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఎన్ని రోజులు తిప్పేరు ఈ పిల్లని?"

"నిన్నట్నుంచండి," అన్నాడు ఆశీర్వాదం.

"దీన్ని నేనెప్పుడు కాదన్నాను? పోయిన బిడ్డని తీయనని ఏ రోజన్నా అన్నానా ఎస్తేరూ? ఇది తల్లిని బతికించడం. నా చేతులతో ఎన్ని వందలు చేసుంటానో నీకు తెలియదా? ఎవరు పంపించేసేరు దీన్ని?"

సిస్టర్ జవాబు కోసం ఆగలేదు. కుర్చీ తానే అందుకుని, "రజియాగారిని పిలవండి. సోమయాజులుగారికి నేను చెప్పానని చెప్పండి," అంటూ ఆపరేషన్ గది వైపు దాదాపు పరుగెత్తింది. వాళ్ళు తలుపు దాటేదాకా ఎస్తేరు పట్టా మీంచి కాళ్ళు తీయలేదు.

మూడు గంటలు పట్టింది. రజియాగారు బయటికి వచ్చి టోపీ తీసి చేతిలో నలుపుతూ, పిల్ల బతికిందని చెప్పింది. ఆశీర్వాదం గోడకి తల ఆనించి ఏడ్చాడు. విషం గర్భసంచికి ఎక్కేసిందని, రక్తం ఆగలేదని, సంచి తీసేయక తప్పలేదని ఆవిడ ఎస్తేరుకి మాత్రం చెప్పింది.

"నిన్న మధ్యాహ్నం నా చేతికి వచ్చుంటే పది నిమిషాల పని," అంది రజియాగారు. "నిన్న మధ్యాహ్నం మనం ఏం చేస్తున్నామండీ?"

ఎస్తేరు రజియాగారినీ సిస్టర్నీ పైకి తీసుకెళ్ళి తెర ముందు కూర్చోబెట్టింది. నలభై ఒక్క వాక్యాలూ సిస్టర్ నిలబడే చదివింది. పేర్లు లేవు కనక ఎవరి కోసం ప్రార్థించాలో కూడా తెలియలేదు. పక్కన గడిలో, ఏ అభ్యంతరం వల్ల తిప్పి పంపారో ఆ మనిషి పేరు మాత్రం చాటు జాగ్రత్తగా రాసి ఉంచింది. ఇరవై ఆరు చోట్ల లూర్దుమేరి అని ఉంది.

"నా పేరు మీద," అంది సిస్టర్. "ఇంతమందిని నా పేరు మీద వెళ్ళగొట్టేరు, నాకు ఒక్కసారి చెప్పలేదు."

"మీకు తెలియకూడదనే కదండీ పెట్టింది," అంది రజియాగారు. గొంతులో కోపం ఉంది.

"నేను చేయనన్నది ఇప్పటికీ చేయను రజియాగారూ. అది మారదు. కానీ ఆ చేయనన్న మాట ఇకనుంచి నా నోటితోనే చెబుతాను. ఎదురుగా నిలబడి చెబుతాను."

"మీరు చెప్పాక వినేది ఒక ఆడమనిషి. మీరు ఒకసారి మొహం మీద వద్దంటే మళ్ళీ ఏ ఆస్పత్రి గడపా తొక్కదు. ఆ రోజు వెళ్ళిపోయిన పిల్లని మర్చిపోయారా?"

సిస్టర్ తెర మీంచి ఆవిడ వైపు తిరిగింది. "మర్చిపోలేదు. చెప్పి ఊరుకోను. చెయ్యి పట్టుకుని మీ గది దాకా తీసుకొచ్చి అప్పగిస్తాను. అది పాపమైతే ఆ పాపం మోస్తాను."

"చూద్దాం," అంది రజియాగారు. నమ్మినట్టు లేదు. నమ్మకపోవడానికి ఆవిడ కారణాలు ఆవిడకున్నాయి.

వాళ్ళు మాట్లాడుకుంటుండగా ఎస్తేరు మెడలోంచి కార్డు తీసి మాటల పెట్టె మీద పెట్టి, గోడమీది కాగితాన్ని చింపి, కిందికి వెళ్ళింది.

సలోమికి సాయంత్రం నాలుగింటికి తెలివి వచ్చింది. కిటికీలోంచి ఎండ దుప్పటి మీద పడుతోంది. సంచి తీసేసిన సంగతి అక్క దగ్గర విన్న ఆశీర్వాదం అప్పటికే చెప్పేశాడు, చెప్పి నీళ్ళు తెస్తానని బయటికి వెళ్ళాడు. సలోమి కళ్ళు పొడిగా ఉన్నాయి.

"తెలిసిందా వదినా? నన్ను ఎవరు వద్దన్నారో?"

ఎస్తేరు మంచం పక్కన నేల మీద కూర్చుంది. చెప్పడానికి ఎన్ని మాటలున్నాయో ఆవిడకి తెలుసు. చాటు అనొచ్చు. కమిటీ అనొచ్చు. మీట మూడోది లేదనొచ్చు, సిస్టర్ చేతులు పట్టుకుని అడిగిందనొచ్చు. అన్నీ నిజాలే. ఏదన్నా సలోమి నమ్ముతుంది.

"నేనే సలోమీ. నేనే వద్దన్నాను."

"ఎప్పుడు?"

"రెండేళ్ళ కిందట. అన్నం తినొచ్చాక."

సలోమి ఆవిడ వైపు తిరగలేదు. ఎండ దుప్పటి మీంచి జరిగి గోడ మీదకి వెళ్ళేదాకా దాన్నే చూస్తూ ఉంది. తర్వాత అడిగింది.

"అప్పుడు నా మొహం చూళ్ళేదు కదా వదినా?"

అది తనని క్షమించి వదిలేయడమో, ఆ తప్పుకే కట్టేయడమో ఎస్తేరుకి తెలియలేదు. చూళ్ళేదని తల ఊపింది.